సుట్టపీగ వచ్చిన పూట

పని లేనివాణ్ణి ఈగలు తోలుకుంటున్నాడని అంటారు మనవాళ్లు. మా తమ్ముడి కూతురు కెజియా ఈగలను తోలదు, పట్టుకుంటుంది. పట్టుకుని, సూదికి గుచ్చి, అద్దం కింద పెట్టి, కాళ్ల మీద వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో రాసుకుంటుంది. పిల్ల ఏం చేస్తుందని సంబంధాలవాళ్లు అడిగితే మా తమ్ముడు "రీసెర్చ్" అని ఒక్క ముక్క చెప్పి మాట మారుస్తాడు. నేను మాత్రం మొహమాటం లేకుండా "ఈగల డాక్టర్" అని చెబుతాను. బతుకంతా బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మా ఇంట్లో ఒక్కరైనా ఆ పిచ్చిలో పడ్డందుకు నాకు లోలోపల గర్వంగానే ఉంటుంది.

అమీన్‌పూర్‌లోని మా ఫ్లాటుకు ఎప్పుడొచ్చినా కెజియా నా క్షేమం అడగడం కన్నా ముందు నా సామాన్లు కదిలిస్తుంది. అట్లా ఒకసారి సజ్జ మీది నుంచి నా డిగ్రీ రోజుల పురుగుల పెట్టెను దింపింది. మా నాయన తను పనిచేసే ఫ్యాక్టరీకి మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కతో చేయించి ఇచ్చిన పెట్టె అది. మూత తీయగానే డాంబర్ గోళీల వాసన గుప్పుమంది. గోళీలు ఎప్పుడో కరిగిపోయాయి గాని, వాసన చెక్కలో ఇంకిపోయి ఉంది. సీతాకోకచిలుకల రెక్కలు పొడిపొడి అయ్యాయి. మిడతల కాళ్లు ఊడి అడుగున పడ్డాయి. తేనెటీగల వరుసలో చివరిదొక్కటి మాత్రం నిన్న గుచ్చినట్టు ఉంది. కెజియా దాని మీదికి వంగి చాలాసేపు తల ఎత్తలేదు.

"అత్తా, ఇది తేనెటీగ గాదు. రెండే రెక్కలున్నయి. ఇది ఈగ," అంది.

"నేనూ అదే రాసిన. మా సారే కొట్టేసిండు," అన్నాను. కింద చీటీ మీద "సుట్టపీగ, మా ఇల్లు, ఇస్నాపూర్" అని నా చేతిరాత, దాని మీద అడ్డంగా ఎర్ర సిరా గీత, పక్కన "తేనెటీగ" అని సారు చేతిరాత ఉన్నాయి. మన భాషలో తేనెటీగ కూడా ఈగే కాబట్టి అప్పట్లో నాకు పెద్ద అన్యాయం జరిగినట్టు అనిపించలేదు. మార్కులు వచ్చాయి, పెట్టె సజ్జ ఎక్కింది. కెజియా ఆ ఒక్కదాన్ని అగ్గిపెట్టెలో దూది పరిచి, పసిపిల్లను తీసుకుపోయినట్టు తీసుకుపోయింది.

మళ్లీ వచ్చింది మొన్న ఆదివారం. చర్చి నుంచి సీదా మా ఇంటికే వచ్చి, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది. ఆ ఈగను ఇంతవరకు లోకంలో ఎవరూ వర్ణించలేదట. చీమల గూళ్లలో పిల్లలు పెరిగే రకమట. దేశదేశాల మ్యూజియంలలో ఉన్న దాని దగ్గరి బంధువులందరితో పోల్చి చూసిందట. కొత్త జాతి అని కెజియా నమ్మకం. వర్ణన రాయడం కూడా అయిపోయింది. ఒక్కటే చిక్కు: నా పెట్టెలో ఉన్నది ఆడది. ఇట్లాంటి ఈగల్లో ఇది ఫలానా జాతి అని తేల్చేది మగదాని తోక కొన. ఆ మగది లేదు.

"దొరకకపోతే?" అని అడిగాను.

"ఎన్నో ఏండ్ల కిందటి ఒక్క ఆడ ఈగను సూపిచ్చి కొత్త జాతి అంటే ఎవరు ఒప్పుకుంటరత్తా? నేనే ఒప్పుకోను. రాసింది పక్కన వెడత. ఇగ అది పేరు లేకుంటనే ఉంటది. అసలు ఉన్నదో, అయిపోయిందో," అని, "నువ్వు పట్టిన జాగ యాదికున్నదా?" అంది.

యాదికి లేకపోవడమేమిటి! కాని ఆ జాగ ఇప్పుడు మాది కాదు. అది చెప్పేలోపే కెజియా తన రాత చదవడం మొదలుపెట్టింది. ముఖం మీద పసుపుపచ్చ నూగు, పొగచూరిన రంగు రెక్కలు, ముదురు గోధుమరంగు ఒళ్లు, ముందుకు చాచిన పొడవాటి మీసాలు. ఇంగ్లీషులో చదువుతూ, నాకు రాదేమో అన్నట్టు మధ్యమధ్య తెలుగులో చెబుతోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాని అది గాలిలో ఎట్లా నిలబడుతుందో ఎక్కడా లేదు. చచ్చిన ఈగను చూసి రాసింది మరి. నా కళ్లకు మాత్రం అది మా వంటింటి గడప ముందు, మనిషి ముఖమంత ఎత్తున, దారం కట్టి వేలాడదీసినట్టు కదలకుండా నిలబడి కనిపిస్తోంది. ఇంకొక్కసారి దాన్ని చూడాలనిపించింది.

చివర పేరు దగ్గరికి వచ్చింది. నా చీటీ మీది మాటకే లాటిన్ తోక తగిలించింది. పేరుకు అర్థం కూడా రాయాలట. "ఒళ్లు పొగాకు చుట్ట రంగులో, చుట్ట ఆకారంలో ఉండటం వల్ల స్థానికులు దీన్ని చుట్ట ఈగ అంటారు," అని చదివింది.

ఆగలేక నవ్వాను. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. అమీన్‌పూర్‌లో ఇంగ్లీషు బడిలో చదివిన పిల్ల. మా ఊళ్లో చకారం సకారమవుతుందని తెలుసు, సుట్ట అంటే చుట్ట అని సరిగ్గానే దిద్దుకుంది. దిద్దుకోవడమే దాని కొంప ముంచింది.

"సుట్ట గాదే పిచ్చిదానా, సుట్టం! చుట్టాలొస్తున్నరని చెప్పే ఈగ. మా అవ్వ పెట్టిన పేరు. జీవితంల పొగాకు ముట్టని మనిషి, దేవుని దగ్గర ఇంటే ఎంత బాధవడుతదో!"

కెజియా మూత వేయబోయిన ల్యాప్‌టాప్‌ను మళ్లీ తెరిచింది. "సరే, చెప్పు," అంది. ఆ పూట నేను చెప్పిందంతా వర్ణనలో రాసే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా అవ్వ పేరు దీనమ్మ, మా నాయనకు తల్లి. అమ్మ టీచరు కావడంతో పొద్దున్నే పటాన్‌చెరు బస్సెక్కేది. ఇక ఇల్లంతా అవ్వదే. ఇస్నాపూర్‌లో మా ఇంటి వంటగది గడప ముందు ఒక నల్లబండ ఉండేది. అవ్వ రాజ్యం ఆ బండ మీదే. అక్కడే చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లేరేది, అక్కడే కొడవలి నూరేది. నూరి నూరి ఒక అంచున బండకు గుంట పడింది. లోపల పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే తడి కట్టె పొగ, జొన్నరొట్టె మాడు వాసన, అవ్వ తలకు రాసుకున్న ఆముదం వాసన కలిసి బయటికి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా రొట్టె మాడిందంటే నాకు ఆకలి వేయదు, అవ్వ పక్కన కూర్చోవాలనిపిస్తుంది.

ఎండ బండ మీదికి వచ్చేసరికి ఆ ఈగ వచ్చేది. మామూలు ఈగల్లాగా గిన్నెల మీద వాలేది కాదు, చెవి దగ్గర గోల చేసేది కాదు. గడప ముందు గాలిలో నిలబడి మనల్నే చూస్తున్నట్టు ఉండేది. అవ్వ చాట ఆపి దాన్ని పలకరించేది. "వచ్చినవా? ఎవల్ని తోల్కొస్తున్నవే?" అనేది. తరువాత లేచి, లోపలికి పోయి, ఎసట్లో ఇంకో పిడికెడు బియ్యం పోసేది. రెండు ఈగలు కనిపిస్తే రెండు పిడికిళ్లు. పోసి వచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాట వైపు చూసేది. ఆమెను చూసి నాకూ అదే అలవాటైంది. ఈగ వస్తే చాలు, నా తల బాట వైపు తిరిగేది.

చుట్టం రాని రోజులు లేకపోలేదు. అప్పుడు తప్పు ఈగది కాదు. "సుట్టం బయిలెల్లిండు బిడ్డా, తొవ్వల ఇంకెవలో చెయ్యి వట్టి గుంజుకపోయిన్రు," అనేది అవ్వ. మిగిలిన అన్నం పొద్దున సద్దన్నమై, ఉల్లిగడ్డతో, మామిడికాయ తొక్కుతో మాకు పండగయ్యేది. అందుకే చుట్టాలు రాకపోతేనే మాకు సంతోషం. కాని అది అరుదు. ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం, పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవాళ్లు. మంచినీళ్లు అడిగేవాళ్లు, కిరాయికి అర్ర ఉందా అని అడిగేవాళ్లు. నీళ్లడిగిన వాళ్లను కూడా అవ్వ చుట్టాల లెక్కలోనే వేసేది. ఇక ఈగ లెక్క తప్పేదెట్లా?

మా పాస్టరయ్యకు ఇది నచ్చేది కాదు. నల్ల సైకిలు మీద ఊళ్లు తిరుగుతూ, మా ఇంటికి సరిగ్గా అన్నం వేళకు చేరే పుణ్యాత్ముడు ఆయన. ఒకరోజు బండ మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటూ, "దీనమ్మా, ఈగలను జూసి శకునం జెప్పుడు విశ్వాసులకు తగదమ్మా. గట్లాంటియి నమ్మద్దు," అన్నాడు.

అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని వినయంగానే జవాబిచ్చింది. "నమ్ముడు గాదయ్యా, బియ్యం వోసుడు. పొద్దుగాల అది రావట్టే ఎసట్ల మీ పిడికెడు వడ్డది. తింటరా, తీసెయ్యాల్నా?"

పాస్టరయ్య తిన్నాడు. మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. తిని, పోయే ముందు ప్రార్థనలో ఆ ఇంటి అన్నాన్ని దీవించాడు గాని ఈగ మాట ఎత్తలేదు.

ఆయన వల్లే ఇంకో మేలు జరిగిందని నాకు ఇన్నేళ్ల తరువాత కెజియా చెబితేనే తెలిసింది. ఆ బండ కింద గండుచీమల గూడు ఉండేది. ఎండాకాలం మా కాళ్లు బొబ్బలెక్కేటట్టు కుట్టేవి. మా నాయన గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పోస్తానని డబ్బా పట్టుకుని వస్తే అవ్వ బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "చీమలను సూసి బుద్ధి నేర్సుకోవాలెనని మొన్ననే పాస్టరయ్య చెప్పె. నేర్సుకోక ముందే సంపుతవా?" అంది. నాయన డబ్బా తీసుకుని వెనక్కి పోయాడు. ఆ చీమల గూట్లోనే ఆ ఈగ పిల్లలు పెరిగేవట. ఈగను వద్దన్న పాస్టరయ్యే, తెలియక దాని ఇల్లు నిలబెట్టాడన్న మాట.

అవ్వ బాట వైపు చూసే చూపు గురించి చెప్పాలి. ఎవరు వచ్చినా అన్నం పెట్టేది గాని, ఆమె కళ్లు వెతికేది ఒక్క మనిషినే. ఆమె పుట్టిల్లు బొంతపల్లి. ఒక్కడే తమ్ముడు, నర్సయ్య. అవ్వ బాప్తిస్మం తీసుకున్న ఏడు, వీరభద్రుని జాతరకు పోయి తమ్ముడు చేతిలో పెట్టిన ప్రసాదం తీసుకోలేకపోయింది. "నా చేతిది తినని అక్క ఇంట్ల నేను మెతుకు ముట్ట," అన్నాడట ఆయన. అంతే, రాకపోకలు బంద్. ఈగ వచ్చినప్పుడల్లా మొదటి పిడికెడు ఎవరి పేరున పోసేదో అవ్వ నోటితో చెప్పలేదు. నాకు మాత్రం తెలుసు. ఆమె చూసేది సంగారెడ్డి వైపు కాదు, పటాన్‌చెరు వైపు కాదు, బొంతపల్లి నుంచి వచ్చే అడ్డదారి వైపు.

ఆయన వచ్చాడు. ఒక మధ్యాహ్నం, చేతికర్రతో, చెప్పకుండా వచ్చి బండ మీద కూర్చున్నాడు. ఆ రోజు ఈగ రాలేదు. అవ్వ ఎసట్లో ఎక్కువ పోయలేదు. మేమందరం తినేశాం, గిన్నె అడుగున మాడు తప్ప మెతుకు లేదు. అవ్వ తమ్ముణ్ణి చూసి, లోపలికి పోయి ఖాళీ గిన్నెను చూసి, మళ్లీ బయటికి వచ్చి తమ్ముణ్ణి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, ఈగను తిట్టింది. "ముదనష్టపు ముండ! ఊర్ల ఉన్నోళ్లందరికి బియ్యం వోయించి, నా తమ్ముడొచ్చిన దినం ఏడ సచ్చిందో!"

నర్సయ్య తాతకు ఏమీ అర్థం కాలేదు. "ఎవల్నక్కా తిడుతున్నవ్?" అన్నాడు బెదిరిపోయి, తననే అనుకుని. అప్పుడు చెప్పింది అవ్వ, నవ్వుతూ, ఏడుస్తూ. మళ్లీ పొయ్యి వెలిగించింది. అన్నం ఉడికేదాకా అక్కాతమ్ముళ్లు బండ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని ఆమె అడగలేదు, ఎందుకు వచ్చాడో ఆయన చెప్పలేదు. వేడి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తాత తింటుంటే అవ్వ విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది. నిజానికి తోలడానికి అక్కడ ఒక్క ఈగ కూడా లేదు. ఆ పూట మా ఇంట్లో ఉన్నంత శాంతి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు చుట్టాలు చెప్పకుండా రారు. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్ చేసి, "మేడమ్, ఎవరో వచ్చిన్రు, పంపాల్నా?" అంటాడు. వచ్చినవాళ్లు కూడా "తిని వచ్చినం" అని ముందే చెబుతారు. నేను నా ఒక్కదానికే బియ్యం పోసుకుంటాను. సాయంత్రం గాలి అటు నుంచి తిరిగితే మందుల కంపెనీల ఘాటు వాసన వస్తుంది, కిటికీ మూస్తాను. నాకు ఏ లోటూ లేదు. కాని ఎసట్లో ఎవరి కోసమో ఒక పిడికెడు ఎక్కువ పోసి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాట చూసిన బతుకు నాకు కావాలి. అది ఏ షాపులోనూ దొరకదు.

సోమవారం పొద్దున కెజియా బండి వెనక కూర్చుని ఇస్నాపూర్ పోయాను. నాయన పోయాక ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు గోడలు కూల్చి, కార్మికుల కోసం రేకుల అర్రలు వరుసగా వేశారు. తీగల మీద ఫ్యాక్టరీ యూనిఫారాలు ఆరేసి ఉన్నాయి. ఏది ఎక్కడ ఉండేదో పోల్చుకోలేక నిలబడిపోయాను. చివరి అర్ర ముందు నల్లబండ కనిపించింది. జరపలేక వదిలేసి, దాన్నే మెట్టు చేసుకున్నారు. వంగి అంచు తడిమాను. కొడవలి గుంట వేలికి తగిలింది.

ఆ బండ మీద ఒక ఒరిస్సా అమ్మాయి స్టీలు తాంబాళంలో బియ్యం ఏరుతోంది. మమత అని పేరు చెప్పింది. భర్త మొదటి షిఫ్టుకు పోయాడట.

"క్యా ఢూండ్‌రే అమ్మా? ఏం పోయింది?" అని అడిగింది.

"ఈగ," అన్నాను.

"మక్ఖీ?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇక్కడ కిరాయికి వస్తరు, ఓటుకు వస్తరు. మక్ఖీ కోసం ఎవరు రాలే. బైఠో అమ్మా, బైఠో." పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నా బండ మీద నాకు చోటిచ్చింది. కూర్చున్నాను.

బండ కింది నుంచి గండుచీమల బారు వస్తూ పోతూ ఉంది. కెజియా మోకాళ్ల మీద కూలబడి, "ఉన్నయత్తా, చీమలున్నయి!" అంది. మమతను అడిగితే, "ఉండనీ. అవి చావల్ దానే, బియ్యం గింజలు తీస్కపోతయి, అంతే గదా," అంది. ఎండ బండ మీదికి వచ్చింది. ఈగ రాలేదు. ఎండ ముదిరింది. మమత బియ్యం తీసుకుని లోపలికి పోయింది. కెజియా చేతిలో వల పట్టుకుని గోడ పొడుగునా తిరిగి తిరిగి, ముఖం ఎర్రబారి నా దగ్గరికి వచ్చింది.

"ఇగ పోదామా అత్తా? లేనట్టున్నది."

ఆ మాటలో పిల్ల ఎంత దిగులు దాచుకుందో నాకు వినిపించింది. ఇంకొంచెం చూద్దామని నేనే బతిమాలాను. నిజానికి అది దాని పరిశోధన కోసం కాదు, నా కోసం.

బట్టల తీగ కింద, గాలిలో, ఏదో నిలబడింది. మొదట నలుసనుకున్నాను. నలుసైతే కదలాలి. కెజియాకు చెప్పే అవసరం రాలేదు, అప్పటికే వల తిప్పేసింది. గాజుబుడ్డిలోకి ఎక్కించి, అద్దం కంటికి ఆనించుకుని చూసింది.

"మగది," అంది. "అత్తా, మగది!" అంటూ ఈగల డాక్టరు నడివాకిట్లో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ గోలకు మమత బయటికి వచ్చింది. బుడ్డిలో ఈగను చూసి, ఏడుస్తున్న పిల్లను చూసి, ఏమనుకుందో ఏమో, "ఖానా తిని పోండి," అంది. మన మర్యాద మనకుంటుంది గదా, వద్దమ్మా, పోతాం అన్నాను. "అట్ల కాదు. మీరు కూసున్నప్పుడే చావల్ ఎక్కువ వేసిన. మెహమాన్ గదా, చుట్టాలు," అని కుక్కర్ దగ్గరికి పోయింది.

కెజియా పుస్తకం తీసి, "పేరుకు అర్థం సరిగ్గ చెప్పత్తా, ఈసారి తప్పు రాయను," అంది. చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే ఇంకొకటి వచ్చింది. సరిగ్గా గడప ముందు, నా ముఖమంత ఎత్తున, దారం కట్టి వేలాడదీసినట్టు నిలబడింది. కెజియా వల ఎత్తలేదు. నేను పాత అలవాటు చొప్పున కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాట వైపు తిరిగి చూశాను, ఎవరు వస్తున్నారా అని.

బాట మీద ఎవరూ లేరు. లోపల కుక్కర్ కూత వేసింది. వచ్చిన చుట్టాన్ని నేనే. అవ్వ వంటిల్లు ఉన్న చోట, గడప బయట చెప్పులు విడిచి, మమత పిలిచేదాకా ఆగి లోపలికి పోయాను.